తెరమీది విద్యుద్వలయము

బల్బును వెలిగించు విద్యుత్ ప్రవాహములో కొంత బల్బులోనే ఖర్చయి, మిగిలినది మాత్రమే బ్యాటరీకి తిరిగి చేరునని పెక్కుమంది విద్యార్థులు తలంతురు. పుస్తకములోని బొమ్మ ఈ భ్రమను తొలగింపజాలదు. బొమ్మలో ఏదియు కదలదు గదా! విద్యార్థి తన చేతితో నడుపదగిన కంప్యూటరు పాఠములు ఈ లోటును ఎంతవరకు తీర్చగలవో పరిశీలింపదగియున్నది.

2001లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమతి పొందినవారిలో ఒకరైన కార్ల్ వైమన్, 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమున 'ఫెట్' అను ప్రణాళికను ప్రారంభించెను. ఆ ప్రణాళికలోని పాఠములలో విద్యుద్వలయ నిర్మాణ పాఠము ఒకటి. ఇందు తీగలు, బ్యాటరీ, బల్బు, స్విచ్చి తెరమీద నుండును. వానిని విద్యార్థియే కలుపవలెను. వలయము పూర్తికాగానే నీలిరంగు గుండ్ల రూపమున ఎలక్ట్రానులు కదలును, బల్బు వెలుగును. బల్బునకు ఇరువైపుల ఒక్కొక్క ఆమ్మీటరు నుంచినచో రెండును ఒకే విలువను చూపును. ఎన్ని మాటలు చెప్పినను పోని భ్రమ ఈ ఒక్క కొలతతో సడలును. షార్టు సర్క్యూటు చేసినచో తెరమీద మంటలు లేచును గాని చేయి కాలదు. పాఠము తానుగా జవాబు చెప్పక, చేసి చూచుకొమ్మనుట దీని ముఖ్యగుణము.

ఈ పాఠముతో నేర్చిన కళాశాల విద్యార్థులు, నిజమైన పరికరములతో నేర్చినవారికంటె పిదప నిజమైన వలయమును కట్టుటలో సైతము మెరుగుగా నుండిరని 2005లో వెలువడిన ఒక పరిశోధన తెలిపినది.

అయినను లోపములు లేకపోలేదు. ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత గల రాగితీగలో ఒక ఆంపియరు ప్రవాహమున్నపుడు ఎలక్ట్రానులు సెకనుకు సుమారు 0.07 మిల్లీమీటరు మాత్రమే జరుగును. తెరమీది గుండ్ల పరుగు చూచిన బాలునకు ఈ నత్తనడక తోచదు. కాని, తీగ నిండ ముందే ఎలక్ట్రానులున్నట్లు చూపుట మెచ్చదగినది; స్విచ్చి వేయగానే బల్బు వెలుగుటకు కారణమదియే.

రెండవ లోపము మరింత పెద్దది. ఇందు మొదట చేతికి వచ్చు బల్బు నిరోధము మారదు. 10 ఓముల బల్బునకు 9 ఓల్టులిచ్చిన 0.9 ఆంపియరు, 18 ఓల్టులిచ్చిన 1.8 ఆంపియరులు ప్రవహించును. నిజమైన ఫిలమెంటు వేడెక్కినకొలది దాని నిరోధము పెరుగును. ఓల్టులు రెట్టింపైనను ప్రవాహము రెట్టింపు కాదు. తెరమీద బ్యాటరీ నీరసింపదు, తీగ వదులు కాదు. తెరనే ఎరిగిన విద్యార్థి నిజమైన బల్బే తప్పుచేసినదని అనుకొనగలడు.

కనుక తెర వచ్చినదని ప్రయోగశాలకు తాళము వేయరాదు. స్విచ్చి వేయకముందే ఏమి జరుగునో విద్యార్థులచే వ్రాయింపవలెను, తెరమీద సరిచూపింపవలెను, పిదప టార్చిలైటు బ్యాటరీ, రెండు తీగలు, ఒక చిన్న బల్బు వారి చేతికీయవలెను. తెరకును బల్లమీది బల్బునకును పొత్తు కుదరని చోట ఎందుకని అడిగిన ఉపాధ్యాయుడే పాఠమును పూర్తిచేసినవాడగును.