బండ తోసేదెవరు?

పోకెమాన్ రెడ్‌లో విక్టరీ రోడ్ గుహ దాకా వచ్చినవాడి దగ్గర జిమ్ లీడర్లను ఓడించి తెచ్చుకున్న ఎనిమిది బ్యాడ్జ్‌లూ ఉండి తీరాలి. 22వ రూట్ పక్కనున్న గేటులో మొదటి కాపలాదారు, ఆ తర్వాత 23వ రూట్ పొడవునా మిగిలినవాళ్లు ఒక్కో బ్యాడ్జ్ అడిగి చూసుకుని గానీ వదలరు. మధ్యలో నీళ్లు అడ్డం, ఈదే పోకెమాన్ కావాలి. ఇన్ని దాటి వచ్చినవాడికి ఇక పోరాటాలే మిగిలాయని అనిపిస్తుంది. గుహలో అడుగుపెట్టగానే ఎదురయ్యేది మాత్రం ఒక బండరాయి.

ఈ కాలమ్ రాసేవాడు ఆ బండ ముందు గడిపినంత సేపు ఏ జిమ్ లీడర్ ముందూ గడపలేదు. ఇన్నేళ్ల తర్వాత మళ్లీ ఆ ఆట తీసినా అతని చేయి ముందుగా వెతికేది ఆ గుహనే.

ఆట పుట్టింది జపాన్‌లో, 1996 ఫిబ్రవరి 27న, రెడ్, గ్రీన్ అనే రెండు కార్ట్రిడ్జ్‌లుగా. తయారుచేసింది గేమ్ ఫ్రీక్ కంపెనీ. దాని వెనకున్న సతోషి తజిరి చిన్నప్పుడు టోక్యో శివారు మచిదాలో పురుగులు పట్టుకుంటూ తిరిగిన కుర్రాడు. గడ్డిలో దూరి వెతకడం, దొరికినదాన్ని పెట్టెలో దాచుకోవడం, స్నేహితుడితో మార్చుకోవడం అన్నీ ఆటలోకి అక్కణ్నుంచి వచ్చినవే. 151 పోకెమాన్‌లను సేకరించడం గురించి అందరూ చెబుతారు. సేకరించినవాటిలో ఆరింటిని మాత్రమే వెంటేసుకుని ఒక చీకటి గుహ దాటాల్సి వస్తే ఏ ఆరు అన్నది అంతగా ఎవరూ మాట్లాడని సంగతి. జపనీస్‌లో ఈ గుహ పేరు ఛాంపియన్ రోడ్. దీని అవతలి గుమ్మంలోంచి బయటపడితే లీగ్ భవనం, అందులో ఎలీట్ ఫోర్ అనే నలుగురు, వాళ్ల తర్వాత ఛాంపియన్.

బండ తోయాలంటే స్ట్రెంగ్త్ అనే హెచ్‌ఎం, అంటే పోరాటం బయట దారికీ పనికొచ్చే మూవ్, కావాలి. అది ఊరికే రాదు. ఫ్యూషియా సిటీలో సఫారీ జోన్ వార్డెన్ బంగారు పళ్లు పోగొట్టుకుని మాట తిరగక అవస్థ పడుతుంటాడు. సఫారీ జోన్‌లో ఆ పళ్లు వెతికి తెచ్చిస్తే స్ట్రెంగ్త్ చేతిలో పెడతాడు. అదే సఫారీ జోన్‌లో దూరంగా ఉన్న గుడిసె దాకా వెళితే నీళ్లు దాటించే సర్ఫ్ దొరుకుతుంది. వచ్చిన చిక్కల్లా ఆ తర్వాతే. ఒక్కో పోకెమాన్‌కు నాలుగే మూవ్‌లు. మామూలు మూవ్‌ను కొత్తది నేర్చుకునేటప్పుడు మరచిపోవచ్చు. ఈ తొలితరం ఆటల్లో హెచ్‌ఎం ఒకసారి నేర్పితే ఇక అంతే, దాన్ని తీసేసే మార్గం లేదు. దారి కోసం నేర్పినది పోరాటంలోనూ ఆ పోకెమాన్‌తోనే ఉండిపోతుంది.

అందుకే ఆరుగురిలో బండ తోసేదెవరన్నది విక్టరీ రోడ్‌లో మొదటి ప్రశ్న. చాలామంది ఒక బలహీనమైనదానికి హెచ్‌ఎంలు నేర్పి మూటలు మోయించినట్టు వెంట తిప్పుతారు. దానితో అయిదుగురే పోరాడేవాళ్లు. ఈ కాలమ్ రాసేవాడు మొదట చారిజార్డ్‌కు నేర్పుదామనుకున్నాడు. అంత రెక్కలున్న చారిజార్డ్‌కు రెడ్‌లో ఫ్లై రాదు, స్ట్రెంగ్త్ మాత్రం వస్తుంది. అయినా నిప్పు, రెక్కలు రెండూ ఉన్నదానికి రాతి దెబ్బ నాలుగింతలు తగులుతుంది. ఆ గుహ నిండా రాతి పోకెమాన్‌లే కదా, దాన్ని ముందుకు పంపేదే తక్కువ. చివరకు లాప్రస్ దగ్గర ఆగాడు. సాఫ్రన్ సిటీలో సిల్ఫ్ కంపెనీ ఉద్యోగి ఒకాయన 15వ లెవెల్‌లో ఊరికే ఇచ్చిన పోకెమాన్ అది. సర్ఫ్ కొడుతుంది, బండ తోస్తుంది, మంచు విసురుతుంది. మోసేదీ పోరాడేదీ ఒకటే అయిన జట్టును కూర్చుకోవడంలోనే ఈ ఆట నేర్పరితనమంతా ఉందని అతని నమ్మకం.

లోపల గడ్డి ఉండదు, కాబట్టి అడవి పోకెమాన్ ఏ గడిలోనైనా ఎదురుపడుతుంది. ఆనిక్స్, గ్రావెలర్, గోల్‌బ్యాట్, మచోక్. ఒక్కొక్కదాన్ని ఓడించడం పెద్ద పని కాదు. ఆనిక్స్ మీద, గ్రావెలర్ మీద సర్ఫ్ నాలుగింతలు పనిచేస్తుంది. కానీ సర్ఫ్‌కు పీపీ 15. పదిహేను సార్లు కొడితే అయిపోయినట్టే. పోయిన పీపీని నింపే ఈథర్ ఏ దుకాణంలోనూ అమ్మరు, దారిలో దొరికినవే దిక్కు. పోకెమాన్ సెంటర్‌లో అయితే ఉచితంగా నిండుతుంది, అది కొండకు అవతల. సంచిలో పట్టేవి 20 రకాలే. సైకిల్‌కూ గాలపు కర్రలకూ పోను మిగిలిన అరల్లోనే మందులు, గుహలోంచి బయటపడేసే ఎస్కేప్ రోప్‌లు.

మొదటిసారి రెండో అంతస్తులో జరిగింది ఇది. సర్ఫ్ పీపీ నాలుగుకు వచ్చింది. ఎదురుగా గ్రావెలర్. నాలుగూ ముందున్న ట్రైనర్ల కోసం దాచుకుందామని ఈ కాలమ్ రాసేవాడు బాడీ స్లామ్ కొట్టించాడు. రాతి ఒంటికి అది సగమే తగిలింది. గ్రావెలర్ ప్రాణంతో మిగిలింది, మరుక్షణం తనను తాను పేల్చుకునే సెల్ఫ్‌డిస్ట్రక్ట్ వాడింది. అప్పటికే దెబ్బలు తిని ఉన్న లాప్రస్ దానితోపాటే కూలిపోయింది. సర్ఫ్ కొట్టి ఉంటే గ్రావెలర్ కంటే వేగమున్న లాప్రస్ ముందే పని ముగించేది. ఒక్క పీపీ మిగుల్చుకోబోతే మిగిలిన మూడూ వాడే పోకెమాన్ లేకుండా పోయింది.

విచిత్రమేమిటంటే స్పృహ తప్పిన పోకెమాన్‌తో కూడా బండ తోయించవచ్చు. మెనూ తెరిచి లాప్రస్ పేరు మీద నొక్కితే, హెచ్‌పీ సున్నా అని పక్కనే కనిపిస్తున్నా, బండ కదులుతుంది. రెండు బండలు అలాగే తోశాడు. మూడోదాని దగ్గర మనసు ఒప్పక ఎస్కేప్ రోప్ వాడి బయటికొచ్చేశాడు. మిగిలిన అయిదుగురితో ముందుకెళ్లి అందరూ కూలిపోతే చేతిలో ఉన్న డబ్బులో సగం పోతుంది. దానికంటే వెనుదిరగడం నయం. వెనక్కి వస్తే తోసిన బండ తన మొదటి చోటికి చేరుతుంది. ఓడిన ట్రైనర్లు మాత్రం ఓడినవాళ్లుగానే ఉంటారు, సంపాదించిన లెవెల్ ఎక్కడికీ పోదు.

రెండోసారి సూపర్ రిపెల్ కొన్నాడు, ఒకటి 500. రెండు వందల అడుగులు వేసేదాకా, వరుసలో మొదట ఉన్న పోకెమాన్ కంటే తక్కువ లెవెల్‌వి ఎదురుపడవు. 47వ లెవెల్‌లో ఉన్న చారిజార్డ్‌ను పోరాటానికి కాకుండా ఆ లెవెల్ కోసమే ముందు నిలబెట్టాడు. తొలిసారే రిపెల్‌తో వెళ్లిపోవడం అతనికి ఇష్టముండదు. గ్రావెలర్ ఏం చేస్తుందో ఎదురుపడితేనే తెలుస్తుంది. అది తెలిశాక అదే పాఠం ఇరవై సార్లు చదవనక్కర్లేదు.

రెండో అంతస్తులో 50వ లెవెల్ మోల్ట్రెస్ ఉంటుంది. ఆటలో అలాంటిది అదొక్కటే, ఓడిస్తే మళ్లీ రాదు. దాని ముందు సేవ్ చేయకుండా నిలబడకూడదు. అంతకుమించి ఇక్కడ చెప్పేది లేదు.

చెప్పాల్సింది మూడో అంతస్తు గురించి. అప్పటిదాకా బండ తోసి నేల మీది మీటపైకి చేర్చడం, అడ్డు తొలగడం, ముందుకెళ్లడం. మూడో అంతస్తులో మొదటి మీటా అంతే. ఆ తర్వాత ఒక బండ, దానికి కొంత దూరంలో నేలలో ఒక గుంట. మీటేమీ కనిపించదు. ఈ కాలమ్ రాసేవాడు ఆ బండ చుట్టూ ఎన్నిసార్లు తిరిగాడో లెక్కలేదు. ఒకసారి గోడకు ఆనించేశాడు, ఇక కదలదు. మెట్లు దిగి మళ్లీ ఎక్కి వస్తే అది పాత చోటికి వచ్చింది. చివరికి మరో దారి తోచక గుంటలోకే తోశాడు. బండ మాయమైంది. దాని వెనకే తానూ దూకాడు. రెండో అంతస్తులో, అంతకుముందు ఎటునుంచీ చేరలేకపోయిన మూలలో పడ్డాడు. పక్కనే ఆ బండ. కాస్త దూరంలో మీట. పై నుంచి కిందికి ఒక రాయిని పంపి, దాని వెంట ఆడేవాడూ దిగాలని గేమ్‌బాయ్ చిన్న తెరపై ఒక్క మాట కూడా రాయకుండా చెప్పినవాళ్ల మీద అతనికి ఇప్పటికీ గౌరవం.

బండ మీట మీదకు చేరింది. అడ్డు తొలగింది. మెట్లెక్కి, మళ్లీ దిగి బయటికొస్తే ఇండిగో ప్లాటో. భవనంలో ఒకపక్క పోకెమాన్ సెంటర్, ఒకపక్క దుకాణం. నర్సు ఆరు బంతులూ తీసుకుని తిరిగిచ్చింది. లాప్రస్ సర్ఫ్ మళ్లీ 15. ఫుల్ రిస్టోర్ ఒకటి 3000, చేతిలోని డబ్బుకు నాలుగు వచ్చాయి. సేవ్ చేశాడు. తలుపు అవతల మొదటి గదిలో ఎలీట్ ఫోర్‌లో ఒకరైన లోరెలై డ్యూగాంగ్ 54వ లెవెల్‌లో ఉంది, అతని లాప్రస్ 46లో.