అడిగేసరికే అయిపోయే మీటింగులు

ఇరవై ఏళ్ల కిందటి మాట. పన్నెండు మందిమి ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంట్లో కూర్చునేవాళ్లం. మా గ్రూపుకి అధ్యక్షురాలు లేదు, కార్యదర్శి లేదు, రిజిస్ట్రేషన్ లేదు. "మన దగ్గర పెద్దా చిన్నా లేదు" అని కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ గర్వంగా చెప్పేవాళ్లం. అట్లాంటి గ్రూపులోంచి ఒకామె మెల్లగా రావడం మానేసింది. ఆస్పత్రిలో ఆయా పని కదా, షిఫ్టు మారి ఉంటుందిలే అనుకున్నాం. అనుకుని ఊరుకున్నాం.

ఆరు నెలల తర్వాత బస్టాపులో కనిపించింది. "ఏమ్మా, రావడం మానేశావేం? మాతో ఏమన్నా ఇబ్బందా?" అన్నాను. ఆమె నవ్వింది. "ఇబ్బందేం లేదు మేడమ్. మీరు అన్నీ అడుగుతరు. కాకపోతే మీరు అడిగేసరికే అయిపోయి ఉంటది" అంది. బస్సు వచ్చింది. ఎక్కి వెళ్లిపోయింది.

ఆ మాట వినగానే నాకు కోపం వచ్చింది. మేం అడగనిదెప్పుడు? అంతకు ముందే బయటి సంస్థ నుంచి డబ్బు తీసుకోవాలా వద్దా అని చర్చ పెట్టాం. ఒక్కొక్కరినీ పేరు పెట్టి "నువ్వేమంటావు?" అని అడిగింది నేనే. కానీ ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. శనివారం రాత్రి ముగ్గురం ఫోన్లో గంటసేపు మాట్లాడుకున్నాం. ఆదివారం అడిగింది తేల్చుకోవడానికి కాదు, తేలిపోయినదానికి అందరి చేతా తల ఊపించుకోవడానికి.

ఆ రోజుల్లోనే ఒక స్నేహితురాలు కొన్ని జిరాక్సు కాగితాలు చేతిలో పెట్టింది. జో ఫ్రీమన్ రాసిన 'ద టిరనీ ఆఫ్ స్ట్రక్చర్‌లెస్‌నెస్'. తెలుగులో 'నిర్మాణం లేనితనపు నియంతృత్వం' అనుకోవచ్చు. 1970 మే నెలలో అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలోని బ్యూలాలో స్త్రీల సమావేశమొకటి జరిగింది. అక్కడ ప్రసంగంగా పుట్టిన ఈ వ్యాసం 1972 నుంచి అచ్చులో తిరుగుతోంది. రచయిత్రి పేరు 'జోరీన్' అని ఉంటుంది. అప్పటి నుంచి ఇప్పటి దాకా గ్రూపులు నడిపేవాళ్లు, మీటింగులు ఎట్లా జరపాలో నేర్పేవాళ్లు ఒకరి తర్వాత ఒకరు చదువుకుంటూ వస్తున్న వ్యాసం ఇది.

ఫ్రీమన్ చెప్పేది సూటిగా ఉంటుంది. నిర్మాణం లేని గ్రూపంటూ ఉండదు. నలుగురు కొంతకాలం కలిసి కూర్చుంటే ఏదో ఒక నిర్మాణం ఏర్పడే తీరుతుంది. దాన్ని రాసుకుంటే అందరికీ కనిపిస్తుంది, రాసుకోకపోతే కొందరికే తెలుస్తుంది. అప్పుడు పెత్తనం స్నేహితుల చేతికి పోతుంది. వాళ్లు కుట్రదారులు కారు. ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటారు, ఒకరి మాట ఒకరు వింటారు, మీటింగు లేని రోజుల్లో కూడా కలుస్తారు. అంతే. కానీ వాళ్లనెవరూ ఎన్నుకోలేదు కాబట్టి ఎవరూ దించలేరు. కష్టసుఖాలు చెప్పుకునే చిన్న గ్రూపుకి ఈ పద్ధతి సరిపోతుంది, ఒక పని నెత్తిన వేసుకున్నప్పుడే చతికిలబడుతుంది అంటుందామె.

దీనికి విరుగుడుగా ఏడు సూత్రాలు చెప్పింది. ఏ పని ఎవరిదో గ్రూపే అప్పగించాలి. అప్పగించుకున్నవాళ్లు గ్రూపుకి జవాబు చెప్పాలి. అధికారం వీలైనంత మందికి పంచాలి. పనులు చేతులు మారుతుండాలి. ఇష్టాయిష్టాలను బట్టి కాక సామర్థ్యాన్ని బట్టి, నేర్చుకునే అవకాశాన్ని బట్టి పని ఇవ్వాలి. సమాచారం అందరికీ చేరాలి. డబ్బూ, పరికరాలూ, నైపుణ్యాలూ అందరికీ అందుబాటులో ఉండాలి. ఈ రోజు ఏ శిక్షణా తరగతికి వెళ్లినా, గోడకంటించిన చార్టుల మీద ఇవే కనిపిస్తాయి, ఎవరు చెప్పారో ఉండదు.

చదువుతుంటే మా ఇంటి ముందుగదినే ఎవరో చూసి రాసినట్టనిపించింది. శనివారం ఫోన్లు కూడా అందులో ఉన్నాయి. కానీ రెండోసారి చదివినప్పుడు ఒక వెలితి కనిపించింది. ఆ గ్రూపుల్లో ఎవరి మాట చెల్లుతుందో చెబుతూ ఫ్రీమన్ ఒక జాబితా ఇస్తుంది. మధ్యతరగతి నేపథ్యం, ఇరవైకీ ముప్పైకీ మధ్య వయసు, కాలేజీ చదువు, తగిన వేషధారణ, మెత్తగా మాట్లాడే తీరు. ఎవరి మాట చెల్లదో కూడా చెబుతుంది: వయసు మళ్లినవాళ్లు, రోజంతా ఉద్యోగం చేసేవాళ్లు, మెత్తగా ఉండనివాళ్లు. వర్గం ఉంది, వయసు ఉంది. రంగు లేదు. మిసిసిపీలో మాట్లాడుతూ, 1970లో మాట్లాడుతూ, రంగు లేదు! మన దగ్గర ఆ జాబితా రాస్తే మొదటి పేరు కులమే కదా.

ఇంకొకటి ఉంది. నిర్మాణం దాక్కుని ఉంటుందంటుంది ఫ్రీమన్. ఇంగ్లీషులో అందరూ 'యూ' కాబట్టి దాక్కోవచ్చు. తెలుగులో దాక్కోవడానికి చోటెక్కడిది? బస్టాపులో నేనేమన్నాను? "మానేశావేం" అన్నాను. ఆమె "మీరు అడుగుతరు" అంది. నాకంటే ఆమె నాలుగేళ్లు పెద్దది. మా పన్నెండు మందిలో టీచర్లనీ, లెక్చరర్నీ నేను పేరు పెట్టి పిలిచినా, 'మీరు' అనేదాన్ని. ఆమెను మాత్రం మొదటి రోజు నుంచీ 'నువ్వు' అన్నాను. దాన్ని ఆప్యాయత అనుకున్నాను. ఆమె అందరినీ 'మేడమ్' అంటే "మనలో మేడమ్‌లెవరమ్మా, అక్కా అను" అని దిద్దాను. దిద్దింది కూడా నేనే. పెద్దా చిన్నా లేని గ్రూపులో ప్రతి క్రియాపదం చివరా పెద్దా చిన్నా పలుకుతూనే ఉన్నాయి. మాకే వినపడలేదు.

ఫ్రీమన్‌కి జవాబుగా కాథీ లెవీన్ 'ద టిరనీ ఆఫ్ టిరనీ' అనే వ్యాసం రాసింది. చిన్న గ్రూపు పొరపాటున ఏర్పడ్డది కాదు, స్త్రీలు కావాలని ఎంచుకున్నది అంటుంది. పెద్ద పెద్ద సంస్థలు మనిషిని నలిపేస్తాయి, స్నేహాన్ని అనుమానించి రూల్సు తెచ్చుకుంటే మగవాళ్ల సంస్థలే మళ్లీ వస్తాయని ఆమె భయం. ఆ భయం ఉత్తది కాదు. మా ముందుగదిలో వెచ్చదనం నిజమే, అందులో నేను బతికాను. కానీ ఆ వెచ్చదనం గుమ్మం దగ్గర కూర్చున్నామె దాకా చేరిందా? లెవీన్ ఈ ప్రశ్న వేసుకోదు.

పోనీ, నిర్మాణం రాసుకుంటే సరిపోతుందా? ఇక్కడ ఫ్రీమన్‌తో నా పేచీ. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' మనలో చాలామంది చదివిందే. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీలు తమ నోటితో చెప్పుకున్న చరిత్ర అది. వాళ్లు ఉన్నది నిర్మాణం లేని చోట కాదు. పార్టీ ఉంది, కమిటీలున్నాయి, తీర్మానాలున్నాయి, ఎవరు ఎవరికి జవాబు చెప్పాలో ఉంది. 1951లో పోరాటం విరమించాక ఇళ్లకు వెళ్లిపొమ్మన్నప్పుడు ఏమైందో, వాళ్ల మాటల్లో ఆ నొప్పి ఎట్లా పలుకుతుందో ఆ పుస్తకం చదివినవాళ్లెవరూ మరిచిపోలేరు. అడవుల్లో తుపాకీ పట్టినవాళ్లకీ నిర్ణయం అయ్యాకే తెలిసింది. అక్కడ నిర్మాణం కనిపిస్తూనే ఉంది. అయినా అందులోకి వాళ్ల మాట వెళ్లే దారి లేదు.

మరో చోటు చూద్దాం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడులు నడిచాయి. అక్కడ 'సీతమ్మ కథ' పాఠం చదువుకున్న ఆడవాళ్లు సారా గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. 1992కల్లా దూబగుంట పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ బడి ఒక మీటింగే కదా! అజెండా పైనుంచి వచ్చింది, కానీ దాన్ని వాళ్లు తమవైపు తిప్పుకున్నారు. పాఠం చెప్పే వాలంటీర్ పుస్తకం మూసి వాళ్ల మాటలు విన్న చోటే అది జరిగి ఉంటుంది. పత్రికలు ఆ ఉద్యమానికి ఒక్క ముఖాన్ని వెతికాయి, దూబగుంట రోశమ్మ అనే పేరు నిలిచిపోయింది. ఇందులో ఆమె తప్పేమీ లేదు. ఉద్యమం తన తరఫున మాట్లాడేవాళ్లను తాను ఎంచుకోకపోతే పత్రికలు ఎంచుకుంటాయని ఫ్రీమన్ ముందే చెప్పింది.

ఆ ఆడవాళ్లే తర్వాత 'పొదుపు లక్ష్మి' గ్రూపులయ్యారు. ఇవాళ రెండు రాష్ట్రాల్లోనూ పది మందీ పదిహేను మందీ ఉండే పొదుపు సంఘాలు, వాటి మీద గ్రామ సంఘం, దాని మీద మండల సమాఖ్య. క్రమంగా సమావేశం, క్రమంగా పొదుపు, క్రమంగా అప్పులివ్వడం, సకాలంలో తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం అని పంచసూత్రాలున్నాయి. ఫ్రీమన్ కోరిన నిర్మాణమంతా ఉంది. తర్వాతి సంవత్సరాల్లో ఇట్లాంటి సంఘాలకి మీటింగులు జరుపుకోవడంలో సాయం చేసే పని నేను చాలా చోట్ల చేశాను. ఆ పనిని 'ఫెసిలిటేటర్' అంటారు. ఊళ్లో మాత్రం "మీటింగు నడిపించే మేడమ్" అంటారు. ఆ 'నడిపించే'లోనే అంతా ఉంది. పలుపు ఎవరి చేతిలో ఉందో వాళ్లకి తెలుసు.

ఒక సంఘంలో మీటింగు మొదలుకాక ముందే తీర్మానం రాసి ఉంది. చివర సంతకాలూ వేలిముద్రలూ పడ్డాయి. పుస్తకం రాసే అమ్మాయిని, "ఏం రాశావో ఒకసారి పైకి చదువమ్మా" అన్నాను. చదివింది. 'సభ్యులందరూ చర్చించి ఏకగ్రీవంగా' అన్న చోట వెనక కూర్చున్న ముసలామె, "నేనెప్పుడు చర్చించాను? నాకు అప్పు కావాలంటే వచ్చే నెల చూద్దామన్నారు. అది రాసుకో" అంది. గది నిశ్శబ్దమైపోయింది. తర్వాత ఆ పేజీ కొట్టేసి మళ్లీ రాశారు. నేను చేసిందల్లా చదవమనడమే.

అన్నిసార్లూ ఇట్లా జరగదు. ఇంకో ఊళ్లో మీటింగు ఎప్పుడూ ఒకరి ఇంటి వసారాలోనే. కొందరు చాపమీద, కొందరు మెట్ల కింద. వంతులవారీగా అందరి ఇళ్లలో పెట్టుకుందామని నేనే అన్నాను. ఎస్సీ కాలనీ వంతు వచ్చిన రోజు ముగ్గురు రాలేదు. ఒకరికి జ్వరం, ఒకరికి చుట్టాలు, ఒకరికి పొలం పని. ఫ్రీమన్ సూత్రాల్లో 'చేతులు మారడం' ఎంత తేలిగ్గా ఉంది! ఆ రోజు పుస్తకంలో రానివాళ్ల పేర్లు, వాళ్లు చెప్పిన కారణాలు రాయించాను. ఆ ఇంటామె టీ పోస్తూ, "రాస్తే ఏమొస్తది మేడమ్, వాళ్లకి తెల్వదా, మాకు తెల్వదా" అంది. నా దగ్గర జవాబు లేదు. ఫెసిలిటేటర్ ఎవరి పక్షాన మాట్లాడకూడదని శిక్షణలో చెబుతారు. ఏ పక్షమూ లేకుండా ఆ వాకిట్లో కూర్చోవడం సాధ్యమా? నేను ఊరుకుంటే అది రానివాళ్ల పక్షమే అవుతుంది.

ఒకసారి ఒక శిక్షణలో ఫ్రీమన్ వ్యాసాన్ని తెలుగులో నోటితో చెప్పాను. అంతా విని ఒకామె, "ఆ రాసినామెకి ఏమైందమ్మా? ఎవరో ఆమెను బాగా బాధపెట్టినట్టున్నారు" అంది. నేను నివ్వెరపోయాను. ఆ వ్యాసంలో రచయిత్రికి తగిలిన దెబ్బ గురించి ఒక్క మాట లేదు. అంతా సూత్రాలు, విశ్లేషణ. ఆమె నొప్పి 1976లో 'మిస్' పత్రికలో 'ట్రాషింగ్' అనే వ్యాసంగా వచ్చింది. తోటి స్త్రీలే తనను ఎట్లా వెలివేశారో, ఉద్యమానికి తానెందుకు దూరమైందో అందులో చెప్పుకుంది. మొదటి వ్యాసాన్ని మాత్రమే చదివి గ్రూపులకి పాఠాలు చెప్పేవాళ్లం, నాతో సహా, సగమే చదివాం. ఏడు సూత్రాల వెనక ఒక మనిషి ఏడుపుంది. సంతకం రాని ఆమెకి అది వినగానే తెలిసింది.

ఇప్పుడు నా నమ్మకం ఇది. నిర్మాణం రాసుకోవాలి, పైకి చదవాలి, పనులు చేతులు మారాలి. ఫ్రీమన్ దగ్గర నేర్చుకున్నది వదలను. కానీ మీటింగు బాగా జరిగిందా లేదా అని తేల్చేది పుస్తకం కాదు. అందరికంటే తక్కువ బలం ఉన్న మనిషి "ఇది నాకు ఇష్టం లేదు" అని, మర్నాడు కూడా నిర్భయంగా అదే సంఘంలో కూర్చోగలిగిందా? అది చూడాలి. అందుకే ఎక్కడికి వెళ్లినా మొదటి అరగంట నేనేం మాట్లాడను. ఎవరు ఎవరిని 'నువ్వు' అంటున్నారో, ఎవరు ఎవరిని 'మీరు' అంటున్నారో వింటాను.

మా ఆదివారం గ్రూపు ఆ తర్వాత రెండేళ్లు నడిచి ఆగిపోయింది. ఆమె మళ్లీ రాలేదు. నేనూ వెళ్లి పిలవలేదు, ఏ మొహంతో పిలుస్తాను? ఒక్కటి మాత్రం ఇప్పటికీ తొలుస్తుంటుంది. బస్టాపులో అన్న ఆ మాట ఆమె మా ముందుగదిలోనే, అందరి ముందూ అని ఉంటే నేనేమనేదాన్ని? నాకు బాగా తెలుసు. "నువ్వు అపార్థం చేసుకున్నావమ్మా" అనేదాన్ని.