రాయికి కాదు, కిరాయికే ఖర్చు

పెరట్లో చిన్న నీటికుంట కట్టుకోవాలని మోజుపడ్డవాళ్ళు చాలామంది గొయ్యి తవ్వించి, షీటు పరిపించి, ఒడ్డున పెట్టే రాళ్ళ దగ్గరికొచ్చేసరికి ఆగిపోతారు. నర్సరీకి వెళ్తే పాలిష్ పట్టిన తెల్ల గులకరాళ్ళు సంచుల్లో కిలోల లెక్కన అమ్ముతుంటారు. ఒక మోస్తరు కుంట చుట్టూ పరవడానికి ఎన్ని సంచులు కావాలో లెక్కేసుకుంటే గుండె జారుతుంది. అంత పోసి కొన్నా ఆ ఒడ్డు ఏ హోటల్ ముందరి ఫౌంటెన్‌లాగానో ఉంటుంది తప్ప మన నేలలో ఊరిన నీరులా కనపడదు. అందుకే అడిగినవాళ్ళకల్లా చెబుతుంటాను: తెలంగాణలో ఉండి రాయిని సంచుల్లో కొనకండి. ఎవరో వదిలించుకోవాలని చూస్తున్న రాయి మన చుట్టుపక్కలే ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకుంటే మన చేతి నుంచి పడేది కిరాయి, దింపుడు కూలీ, అంతే.

హైదరాబాద్ కింద పరుచుకున్న గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. ఆ రాతికి నిలువునా అడ్డంగా పగుళ్ళుంటాయి. వాన నీరు వాటిలోకి దిగి రాతిని మెల్లగా కుళ్ళబెడుతుంది. మూలలకు రెండు మూడు వైపుల నుంచి నీరు తగులుతుంది కాబట్టి ముందు అరిగేవి అవే. అలా అరిగీ అరిగీ దిమ్మె కాస్తా గుండవుతుంది, చుట్టూ కుళ్ళినదంతా మొరమవుతుంది. మొరం వానలకు కొట్టుకుపోయిన చోట గుండ్లు ఒకదానిమీదొకటి నిలబడి మనకు కొండలై కనిపిస్తాయి. కొట్టుకుపోని చోట అవే గుండ్లు నేలలోనే దాగుంటాయి. అపార్ట్‌మెంట్ సెల్లార్ కోసం హిటాచీ దించినప్పుడు బయటికొచ్చేవి ఇవే.

మా ఇంటికి దగ్గర్లో అలాంటి తవ్వకం ఒకటి జరుగుతుంటే సాయంత్రాలు వెళ్ళి గట్టున నిలబడేవాణ్ణి. బకెట్ ఒక్కో గుండును పైకెత్తి పక్కన పడేస్తుంది. ఒకదాని మీద చెయ్యేసి చూశాను. పైన గోధుమరంగు పెచ్చు ఉల్లిపొరలా ఊడి చేతికొచ్చింది, దాని కింద ఇంకో పొర, అది కాస్త గట్టిగా ఉంది. ఆ కింద అసలు రాయి, బూడిదరంగులో సన్నని గులాబీ పలుకులు. నేలలో నుంచి అప్పుడే వచ్చిందేమో, తడిగా చల్లగా ఉంది. వీటినేం చేస్తారని ట్రాక్టర్ అబ్బాయిని అడిగాను.

"మొరమైతే అమ్ముడువోతది సార్. ఈ గుండ్లనెవరడుగుతరు? పలగ్గొట్టాలంటే మల్ల మిషన్ దేవాలె. మీరు తీస్కపోతే మా సేటే సంతోషపడ్తడు" అన్నాడు.

ఆ మాటలోనే రాళ్ళ బేరమంతా ఉంది. అక్కడ గుండు బరువు, అడ్డం. మన పెరట్లో అదే గుండు అందం. మధ్యలో ఉన్నది ట్రాలీ మాత్రమే.

ట్రాలీ మాట్లాడే ముందు బరువు లెక్క తెలిసుండాలి. ఘనపుటడుగు గ్రానైటు సుమారు 75 కిలోలుంటుంది. అడుగున్నర అడ్డకొలత ఉన్న గుండు 130 కిలోలు దాటుతుంది, నలుగురు మనుషులూ రెండు గడ్డపారలూ ఉంటే కదులుతుంది. రెండడుగులదైతే 300 కిలోల పైమాటే. మూడడుగులది టన్ను తూగుతుంది, దానికి క్రేన్ రావాలి. కొలత రెండింతలైతే బరువు ఎనిమిదింతలవుతుందన్న సంగతి కంటికి తెలియదు. గట్టు మీద చిన్నగా కనిపించిన రాయి ఇంటి ముందు దిగాక కొండంత అవుతుంది. పెరటి కుంటకు అడుగున్నర, రెండడుగుల రాళ్ళు నాలుగైదు, వాటి సందుల్లోకి తలకాయంత రాళ్ళు కొన్ని, మిగతా చోటంతా మొరం, కంకర చాలు. ఒకే సైజు రాళ్ళను దండలా చుట్టూ పేర్చడం నాకు అస్సలు నచ్చదు. నీళ్ళు అలా ఒడ్డు కట్టుకోవడం ఏ వాగు దగ్గరా చూడలేదు.

సెల్లార్ గుండ్లు దొరకని చోట పాత ఇళ్ళున్నాయి. పల్లెల్లో పాతకాలపు ఇల్లు కూలగొడితే కలప, పెంకులు, తలుపులు ముందే అమ్ముడైపోతాయి. పునాది రాళ్ళు, మట్టితో కట్టిన గోడల రాళ్ళు కుప్పగా మిగులుతాయి. వానకూ ఎండకూ నల్లబడి, అక్కడక్కడా పాచి ఆరిన మరకలతో ఉండే ఆ రాళ్ళంటే నాకు ప్రాణం. కొత్తగా పగలగొట్టిన రాయికి ఆ రంగు రావడానికి ఎన్నో వానలు పడతాయి. పొలం చుట్టూ పాతిన రాతి కడీలు విరిగితే రైతులు గట్టున పడేస్తారు. ఆ ముక్కల్ని నీళ్ళలోకి దిగే మెట్లుగా వేసుకోవచ్చు. కరీంనగర్ వైపువాళ్ళకు గ్రానైటు క్వారీల దగ్గర పనికిరాదని తీసేసిన దిమ్మెలు, ఒంగోలు వైపువాళ్ళకు చీమకుర్తి నల్ల గ్రానైటు ముక్కలు అందుబాటులో ఉంటాయి. బంగారు చుక్కల చీమకుర్తి రాయి ఎండలో నీళ్ళ కింద మెరుస్తుంటే చూడాల్సిందే. కాకపోతే కోత ముక్కల అంచులు కత్తిలా ఉంటాయి, పాలిష్ పక్క తడిస్తే కాలు జారుతుంది. పాలిష్ పక్కను కిందికి వేసి, అంచుల్ని సుత్తితో కొట్టించుకోవాలి. గోదావరి జిల్లాల్లో డెల్టా భూమిలో రాయే లేదు. అక్కడివాళ్ళు పంగిడి, గౌరీపట్నం క్వారీల నల్లరాయి మీద ఆధారపడాల్సిందే.

తాండూరు, బేతంచెర్ల, కడప బండలు చవగ్గా దొరుకుతాయి కదా అని అడుగుతుంటారు. అవి సున్నపురాయి జాతివి. నీళ్ళలో ఉంటే కొద్దికొద్దిగా కరిగి నీటి కాఠిన్యాన్ని పెంచుతాయి. ఇప్పటికే ఉప్పుతేలిన బోరునీళ్ళు వాడేవాళ్ళకు అది మరో బరువు, రాళ్ళ మీదా మోటారు మీదా తెల్లటి పొర కడుతుంది. గట్టు మీద నడిచే దారికి వేసుకోండి, నీళ్ళలోకి దించకండి. ఏ రాయి ఏదో అనుమానమొస్తే చిటికెడు పొడి గీకి నిమ్మరసం చుక్క వేసి చూడండి. నురగొస్తే సున్నమున్నట్టే. గ్రానైటు ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది. సిమెంటు అంటుకున్న పాత రాళ్ళనైతే గీకి, కొన్నాళ్ళు తొట్టిలో నానబెట్టి, నీళ్ళు మారుస్తూ పోవాలి. చేపలు వదిలేది ఆ తర్వాతే. రాయి గట్టిదో కాదో తెలియాలంటే సుత్తితో తట్టండి. మంచి రాయి ఖంగుమంటుంది, లోపల కుళ్ళింది మొద్దుగా పలుకుతుంది.

ఇంత చెప్పి ఒక్కటి చెప్పకపోతే తప్పవుతుంది. ఊరి బయట గుట్ట మీద ఉన్న గుండును తెచ్చుకోకండి. దుర్గం చెరువు చుట్టూ, జూబ్లీహిల్స్ నిండా ఉన్న రాళ్ళు మన కళ్ళముందే మాయమయ్యాయి. మిగిలినవైనా కాపాడుకోవాలని 1996లో హైదరాబాద్‌లో సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంస్థ పుట్టింది. వాళ్ళు జనాన్ని వెంటబెట్టుకుని రాళ్ళ మధ్య నడిపిస్తూ ఆ రాళ్ళ విలువ చూపిస్తున్నారు. సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని పుట్టగొడుగు బండ ఎదుట ఒక్కసారి నిలబడితే, గుట్ట మీది గుండును పెకలించడానికి చెయ్యి రాదు. వాగులో గులకరాళ్ళూ అంతే. అవి ఇసుకను పట్టి ఉంచుతాయి, వాటి కిందే చేపపిల్లలు, నత్తలు బతుకుతాయి. చట్టం సంగతీ ఉంది. 1957 నాటి గనుల చట్టం ప్రకారం ఇళ్ళు కట్టే రాయి, కంకర చిన్నతరహా ఖనిజాలు, వాటికి నిబంధనలు పెట్టే అధికారం రాష్ట్రాలది. సెల్లార్ రాళ్ళు తెచ్చుకునేటప్పుడు కూడా తరలింపు అనుమతి ఉందా అని తవ్విస్తున్నవారిని అడగడం మన బాధ్యత. నేలలో నుంచి ఎలాగూ బయటపడ్డ రాయికి చోటివ్వడం వేరు, నిలబడున్న రాయిని పడగొట్టడం వేరు.

రాళ్ళు పేర్చే విద్యకు మన చెరువు కట్టలే బడి. పాఖాల, రామప్ప కాలం నుంచీ మనవాళ్ళు రాతితో నీటిని నిలిపినవాళ్ళు. ఏ ఊరి చెరువైనా సరే, కట్టకు నీటి వైపు చేసిన రివిట్‌మెంట్‌ను దగ్గర కూర్చుని చూడండి. సున్నం లేదు, సిమెంటు లేదు. రాయి పొడుగు భాగం కట్ట లోపలికి దిగి ఉంటుంది, సందుల్లో చిన్న చిప్పలు బిగించి ఉంటాయి. అల వచ్చి ఆ సందుల్లో దూరి బలం పోగొట్టుకుంటుంది. మా కుంటకు సాయం పట్టిన వడ్డెర పెద్దాయన కూడా అదే పద్ధతిలో పనిచేశాడు. ఒక గుండును నిలువుగా పెట్టమని నేనంటే, తల అడ్డంగా ఊపి, "రాయి యెట్ల పండుకుంటానంటే అట్లనే పండవెట్టాలె బిడ్డా. నిలవెడితే ఎప్పటికన్న పడ్తది" అన్నాడు. గుండును మెల్లగా దొర్లించి, అది తనంతట తాను ఆగిన చోటు చూసుకుని, అక్కడ మట్టి తీసి మూడో వంతు లోపలికి దిగేలా కూర్చోబెట్టాడు. నేల మీద పెట్టిన రాయికీ నేలలో పుట్టినట్టున్న రాయికీ తేడా ఆ మూడో వంతే.

రాయి కింద షీటు జాగ్రత్త. ఫారంపాండ్‌లకు వాడే 500 మైక్రాన్ల షీటు గట్టిదే గానీ, గుండు బరువుకు కింద ఒక్క మొన ఉన్నా చిల్లిపడుతుంది. షీటు కిందా పైనా పాత గోనెలో, చిరిగిన కార్పెట్టో మడిచి వేయాలి. ఒక పక్కన తప్పనిసరిగా చిన్న రాళ్ళతో వాలు వదలాలి. నీళ్ళు తాగబోయి జారిన ఉడుతపిల్లకు పైకెక్కే దారి ఉండాలి. రాళ్ళ సందులు పూడ్చకపోతే తొలకరికి కప్పలు వాటంతటవే వస్తాయి.

ట్రాలీవాడితో మాట్లాడేటప్పుడు దింపే చోటు కూడా చెప్పి ఒప్పించుకోండి. పెరటికి ట్రాక్టర్ తిరిగే దారి ఉందో లేదో, గేటు వెడల్పెంతో ముందు రోజే టేపు పెట్టి కొలవండి. గేటు బయట దింపేసి వెళ్ళిపోతే, అక్కడి నుంచి లోపలికి చేర్చే కూలీ కిరాయిని మించిపోతుంది.