అనిత్యం, అంబేడ్కర్, దళిత ఐక్యత

ప్రభుత్వం మారినప్పుడు, కోర్టు తీర్పు తలకిందులైనప్పుడు, ఉద్యమం చీలినప్పుడు 'అన్నీ అనిత్యమే' అనే మాట మన సభల్లో వినిపిస్తూ ఉంటుంది. అనేవాళ్లు దాన్ని బౌద్ధం అనుకుంటారు. మాకు మాత్రం అందులో బుద్ధుడి కంటే శంకరుడే ఎక్కువ కనిపిస్తున్నాడు. జగత్తు మిథ్య అనడం వేరు, జగత్తు మారుతుంది అనడం వేరు. మొదటి మాట లోకాన్నే లేదంటుంది. రెండో మాట ప్రకారం లోకం ఉంది, కొన్ని కారణాల వల్ల ఇలా ఉంది, ఆ కారణాలు మారితే ఇదీ మారుతుంది. మొదటి మాటతో కులానికి ఏ ఇబ్బందీ రాలేదు. అంతా మాయే అంటూనే మనల్ని ఊరి బావి దగ్గరికి రానీయలేదు. కులానికి ప్రమాదం రెండో మాటతోనే.

ఈ తేడా అంబేడ్కర్‌కు బాగా తెలుసు. సనాతనం అనేది ఏదీ లేదనీ, మార్పే జీవిత ధర్మమనీ ఒప్పుకోమని 1936లో 'కుల నిర్మూలన'లోనే హిందువుల్ని నిలదీశారు. ఆయన చనిపోయాక 1957లో అచ్చయిన 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో అనిత్యాన్ని ధమ్మం కిందే చేర్చారు. నాలుగు కలిసి ఏర్పడింది అనిత్యం, మనిషి అనిత్యం, ఒకదానిమీద ఒకటి ఆధారపడ్డ వాటి స్వభావమూ అనిత్యం అని మూడు రకాలుగా విడదీసి చెప్పారు. ఏదీ మారకపోతే మానవజాతి ఎక్కడిదక్కడే ఆగిపోయేదని కూడా అన్నారు. అంటే అనిత్యం దుఃఖవార్త కాదు. మార్పు సాధ్యమనడానికి అదే ఆధారం.

అయితే అదే భాగం చివర ఆయన తీసిన నీతి వేరు. ఆస్తి మీద, స్నేహితుల మీద, దేనిమీదా మమకారం పెట్టుకోవద్దన్నారు. మా పేచీ ఇక్కడ. మూసారాంబాగ్‌లో విద్యార్థులతో కలిసి ఈ పేజీలు చదివినప్పుడు చర్చ ఇక్కడే ఆగింది. అక్కడికి దగ్గర్లోనే మూసీ నదీగర్భంలో ఉన్న ఇళ్లకు 2024లో ఎర్ర రంగుతో గుర్తులు వేశారు. ఆ అక్టోబర్‌లో మూసానగర్, శంకర్‌నగర్ లాంటి బస్తీల్లో కూల్చివేతలు మొదలయ్యాయి. "పట్టానే లేనోళ్లకు ఆస్తి మీద మమకారం వద్దని ఎట్ల చెప్తం అన్నా?" అని ఒక విద్యార్థి అడిగాడు. సరైన ప్రశ్నే. ఇల్లు అనిత్యమే, కానీ దాన్ని పడగొట్టింది కాలం కాదు, ఒక నిర్ణయం. కొన్ని కుటుంబాలకు రెండు పడకగదుల ఇళ్లు ఇచ్చారు, నిజమే. ఆ నిర్ణయంలో ఆ కుటుంబాలకు ఎంత భాగం ఇచ్చారన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది. కారణాన్ని అడగకుండా అనిత్యం అనేస్తే అది బౌద్ధం కాదు, అధికారులకు చేసిన సాయం.

అసలు పరీక్ష మన లోపలే ఉంది. 1985లో కారంచేడు హత్యాకాండ తర్వాత దళిత మహాసభ వచ్చింది. 'దళిత' అనే మాట కింద మాల, మాదిగ కలిసి నిలబడ్డారు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మొదలైంది. ఐక్యత చెడిందని చాలామంది పెద్దలు బాధపడ్డారు. అంబేడ్కర్ చెప్పిన మొదటి రకాన్ని ఇక్కడ పెట్టి చూడాలంటాం. ఐక్యత కూడా నాలుగు కలిపి కట్టిందే. అది తాతల నుంచి వచ్చిన ఆస్తి కాదు. వాటా సరిగ్గా ఉన్నన్నాళ్లే నిలుస్తుంది. దాన్ని శాశ్వతం అనుకున్నవాళ్లకే దండోరా ద్రోహంలా కనిపించింది.

తర్వాత జరిగింది చూడండి. 1997లో ఏబీసీడీ వర్గీకరణ ఉత్తర్వు వచ్చింది, అదే ఏడాది హైకోర్టు కొట్టేసింది. 2000లో చట్టం వచ్చింది, 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న అదే సుప్రీంకోర్టు, ఏడుగురు జడ్జీల బెంచిలో ఆరుగురి మాటతో, వర్గీకరణ చెల్లుతుందంది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో 59 కులాలు మూడు గ్రూపులయ్యాయి. 2004లో 'అనిత్యం' అని ఇంట్లో కూచుని ఉంటే 2024 వచ్చేదా? ఆ ఇరవై ఏళ్లు డప్పు మోగించినవాళ్లు గెలుపునూ ఓటమినీ శాశ్వతం అనుకోలేదు. అడగడం మాత్రం మానలేదు. అంబేడ్కర్ చెప్పిన నిర్మమకారాన్ని మనం ఇలా చదువుకోవాలి. ఫలితాన్ని పట్టుకుని వేలాడొద్దు, న్యాయాన్ని వదలొద్దు.

ఇది గీతలోని నిష్కామ కర్మే కదా అని ఎవరైనా అడగొచ్చు. కాదు. గీత స్వధర్మాన్ని, అంటే వర్ణధర్మాన్ని, ప్రశ్నించకుండా చెయ్యమంటుంది. బుద్ధుడు ఆ ధర్మం దేనివల్ల పుట్టిందో అడగమన్నాడు.

ఈ అడగడం గెలిచినవాళ్లకూ వర్తిస్తుంది. మొదటి గ్రూపులోని 15 కులాలకు 1 శాతం, రెండో గ్రూపుకు 9, మూడో గ్రూపుకు 5 అన్న అంకెలూ కలిపి కట్టినవే. వాటి మీద మాలలు చెప్పే అభ్యంతరాన్ని వినాలి, లెక్కతోనే జవాబివ్వాలి. రేపు మొదటి గ్రూపులోని చిన్న కులాలు లేచి మా వాటా మళ్లీ లెక్కగట్టండి అంటే, నిన్న లెక్క అడిగినవాళ్లు ఐక్యత చెడుతుందని వాళ్ల నోరు మూయకూడదు.