కత్తి పట్టే ముందు

అతుక్కుని పుట్టిన కవలలను విడదీశారన్న వార్త రాగానే ఆపరేషన్ ఎన్ని గంటలు పట్టిందని అడుగుతారు. ఏళ్ల తరబడి థియేటర్లో మత్తు డాక్టరుగా ఉన్నదాన్ని, నాకు మాత్రం అంతకుముందు ఎన్ని నెలలు కూర్చుని ఆలోచించారో తెలుసుకోవాలనిపిస్తుంది.

తలలు కలిసి పుట్టినవాళ్లలో అసలు చిక్కు సిరలతోనే. మెదడులోంచి రక్తాన్ని కిందికి దించే పెద్ద సిర ఇద్దరికీ ఒక్కటే అయితే, అది ఎవరికివ్వాలి? దక్కని బిడ్డ మెదడులో రక్తం నిలిచి వాపెక్కుతుంది. అలా తలలు కలిసి పుట్టిన ఇరాన్ అక్కచెల్లెళ్లు లాదన్, లాలే బిజానీ న్యాయశాస్త్రం చదివారు. 29 ఏళ్ల వయసులో, ప్రాణానికి ముప్పని తెలిసే ఆపరేషన్‌కు ఒప్పుకున్నారు. 2003 జూలైలో సింగపూర్‌లో తొడలోని నాళం తీసి కొత్త దారి వేస్తే అది మూసుకుపోయింది. రక్తం ఆగక ఇద్దరూ పోయారు.

అదే ఏడాది అక్టోబరులో న్యూయార్క్‌లో మెదడు సర్జన్ జేమ్స్ గుడ్‌రిచ్, తలలు కలిసిన ఫిలిప్పీన్స్ పసివాళ్లు కార్ల్, క్లారెన్స్‌లకు మొదటి విడత ఆపరేషన్ చేశారు. కొన్ని సిరలు విడదీసి, కుట్లు వేసి, ఆగారు. ఆ వ్యవధిలో రక్తం వేరే సిరల్లోంచి దారి చూసుకుంది. నాలుగు విడతల్లో, 2004 ఆగస్టుకు, ఇద్దరూ విడిపోయి బతికారు. మధ్యలో ఆగడాన్ని కూడా చికిత్సలో భాగం చేసిన ఆ మనిషంటే నాకు ఎనలేని గౌరవం. 2017లో ఢిల్లీ ఎయిమ్స్ కూడా ఒడిశా పిల్లలు జగ, కాలియాలకు ఆగస్టులో సిరలకు దారి మళ్లించి, అక్టోబరులో విడదీసింది. మూడేళ్లకు కాలియా చనిపోయాడు. ఆ సంగతి దాచకూడదు.

నేను పాల్గొన్న కేసు పొట్ట దగ్గర కలిసిన పసికందులది. ఒకరికిచ్చిన మందు ఎంతో కొంత రెండోవారి రక్తంలోకీ వెళ్తుంది. అందుకే ఇద్దరికీ వేర్వేరు మత్తు డాక్టర్లు, వేర్వేరు మిషన్లు. ఒక పాప సిరంజిలు, సెలైన్ ట్యూబులు, మా టోపీలు అన్నిటికీ ఎర్ర టేపు, రెండో పాపవాటికి ఆకుపచ్చ. ముందు రెండు బొమ్మలను కలిపి కుట్టి రిహార్సల్ చేశాం. విడదీసి పక్క టేబుల్ మీదికి మారుస్తుంటే ఆకుపచ్చ పాప ఊపిరి గొట్టం చాల్లేదు. బొమ్మ నోట్లోంచి ఊడి వచ్చింది. మిషన్ అటు జరిపి, ట్యూబులన్నీ మళ్లీ పేర్చి, ఇంకోసారి చేశాం. అసలు రోజున ఆ నిమిషంలో ఎవరికీ నోరు విప్పే పని పడలేదు.

తలలు కలిసే పుట్టిన మన వీణా వాణీలను లండన్ డాక్టర్లూ వచ్చి చూశారు. ఆపరేషన్ జరగలేదు. డాక్టర్లు చేతులెత్తేశారని ఇప్పటికీ అంటుంటారు. నేనొప్పుకోను. స్కాన్లన్నీ చూసి, సిరల లెక్క తేల్చి, వద్దనడానికీ అంతే పనితనం కావాలి. హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో పెరిగిన ఆ అక్కచెల్లెళ్లు 2022లో ఇంటర్ పాసయ్యారు.