మిటిలీనీపై రెండవ సభ

నిర్ణయాలు తీసుకోవడం నేర్పుతామనే పుస్తకాలకు ఈ మధ్య కరువు లేదు. ఈ వారం బల్ల మీదికి వచ్చిన ఒకదానిలో, కాగితానికి నడుమ గీత గీసి ఒక పక్క లాభాలు, మరో పక్క నష్టాలు రాసుకొనే పద్ధతిని అరిస్టాటిల్‌కు అంటగట్టడం మాత్రం చూసీ చూడనట్టు వదలదగినది కాదు. ఆ పద్ధతి 1772లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన మిత్రుడు జోసెఫ్ ప్రీస్ట్‌లీకి రాసిన ఉత్తరంలోనిది. ప్రాచీనుల పేరు అతికిస్తే సరుకు చెల్లుతుందనే ధోరణిపై ఈ శీర్షికకున్న పాత కోపం పాఠకులెరిగినదే కనుక, దానిని ఇక్కడితో ఆపి అసలు విషయానికి రావచ్చు.

‘నికోమాకియన్ ఎథిక్స్’ మూడవ భాగంలో అరిస్టాటిల్ పర్యాలోచనకు, అంటే ఏం చేయాలో తేలనప్పుడు సాగే వెతుకులాటకు, ముందుగా ఎల్లలు గీస్తాడు. చతురస్రపు భుజానికీ కర్ణానికీ ఉమ్మడి కొలత లేకపోవడం గురించి గానీ, వానల గురించి గానీ ఎవరూ పర్యాలోచన చేయరు. సిథియన్లకు ఏ రాజ్యవ్యవస్థ మేలని స్పార్టావాసులు తల బద్దలు కొట్టుకోరు. తన చేతిలో ఉండి, ఫలితం ముందే ఖాయం కాని దాని గురించే మనిషి ఆలోచిస్తాడు కనుక, వ్యాయామ శిక్షణలో కంటే ఓడ నడపడంలో ఈ ఆలోచనకు పని ఎక్కువ. కోరిన లక్ష్యానికి ఏది సాధనం, ఆ సాధనానికి మళ్లీ ఏది సాధనం అని అడుగుతూ, ఇప్పుడే చేయగల పని తగిలేదాకా వెనక్కి నడవడం అతడు చెప్పిన తీరు. అలా తేలినదాన్ని కోరుకోవడమే అతడు ‘ప్రొహైరెసిస్’ అన్న ఎంపిక.

అయితే వైద్యుడు నయం చేయాలా వద్దా అని ఆలోచించడు, ఎలా చేయాలనే ఆలోచిస్తాడన్న వాక్యం దగ్గర చాలామందికి చిక్కు వస్తుంది. లక్ష్యాన్ని ప్రశ్నించని ఆలోచన గుమాస్తా లెక్కకు మించినదా అన్నది వారి అభ్యంతరం. దానికి మిటిలీనీని మించిన సాక్ష్యం లేదనిపిస్తుంది.

లెస్బోస్ ద్వీపంలోని ఆ నగరం ఏథెన్స్‌పై తిరగబడి, క్రీ.పూ. 427లో లొంగిపోయింది. వయసొచ్చిన మగవారినందరినీ చంపాలని, స్త్రీలనూ పిల్లలనూ బానిసలుగా అమ్మాలని ఏథెన్స్ సభ కోపంలో తీర్మానించి, సేనాని పాకీస్ వద్దకు ఓడను పంపింది. తెల్లవారేసరికి మనసు మారి సభ మళ్లీ కూడగా, తీర్మానం నిలవాలని క్లియోన్, మార్చాలని డయోడోటస్ వాదించారు. ఈ ప్రసంగం తప్ప డయోడోటస్ గురించి తెలిసినది దాదాపు ఏమీ లేదు. చేతులు ఇంచుమించు సమానంగా లేచినా అతడే నెగ్గాడు. అప్పటికే ఒక పగలూ రాత్రీ ముందున్న ఓడను అందుకోవడానికి రెండవ ఓడవారు ద్రాక్షసారా, నూనె కలిపిన బార్లీ పిండిని తెడ్లు వేస్తూనే తిన్నారు, వంతులవారీగా నిద్రపోయారు. మొదటి ఓడ ఇష్టం లేని పని మీద నెమ్మదిగా సాగడం కూడా కలిసివచ్చింది. పాకీస్ తీర్మానం చదివి అమలుకు సిద్ధపడుతుండగా వారు రేవు చేరారు.

ఇంతకూ డయోడోటస్ ఏం చెప్పాడని చూస్తే అభ్యంతరం తలకిందులవుతుంది. అతడు దయను అర్థించలేదు. ఇది నేరస్థుల విచారణ కాదనీ, ఏథెన్స్‌కు మున్ముందు ఏది మేలో ఆలోచించే సభ అనీ అన్నాడు. లొంగినా చావే అయితే రేపు తిరగబడే నగరం చివరిదాకా పోరాడుతుంది, ముట్టడి ఖర్చు పెరుగుతుంది, పాడుబడిన నగరం కప్పం కట్టదు: ఇది మొదటి నుంచి చివరి దాకా సాధనాల లెక్కే. ఏథెన్స్ మేలన్న లక్ష్యం న్యాయమా అని అతడు నిలదీసి ఉంటే, సరిపడా చేతులు లేచేవని నమ్మడం కష్టం. లక్ష్యాలు పెంపకంలో, అలవాటులో కుదురుకొనేవని అరిస్టాటిల్ అభిప్రాయం కనుక, అతడు ఆలోచనకు గీసిన ఎల్ల ఒక్క పూట సభకు ఏది సాధ్యమో కచ్చితంగా చెబుతుంది. గుమాస్తా లెక్క అని తీసిపారేసినదే ఆనాడు ఒక ఊరిని కాచింది.

ఆ కాపాడడానికీ హద్దు ఉంది. తిరుగుబాటుకు ముఖ్య కారకులని పాకీస్ ఏథెన్స్‌కు పంపిన మిటిలీనీవాసులను క్లియోన్ ప్రతిపాదనపై చంపేశారు. ఈ ఉదంతాన్ని రాసిపెట్టిన గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్ గ్రంథపు ప్రతుల్లో ఉన్న సంఖ్య వెయ్యికి కొంచెం ఎక్కువ. వారి కోసం సభ మరోసారి కూడినట్టు అతడు రాయలేదు.