కంటికి అందని ఎరుపు

ఈ వారం ఒక పాఠకురాలు వాళ్లబ్బాయి తీసిన ఓరియన్ నెబ్యులా ఫొటో పంపారు. నిండా ఎరుపు. "ఈ రంగు నిజంగా ఉందాండీ, కంప్యూటర్లో అద్దిందా?" అని అడిగారు. ఆ ప్రశ్నకే చాలా సంతోషం వేసింది. ముందు కళ్లతో చూడండి, ఫొటోల సంగతి తర్వాత అని నేను ఇక్కడ ఎప్పుడూ పోరుతుంటాను కదా.

కళ్లతో చూస్తే ఎరుపు జాడే ఉండదు. చలికాలం రాత్రి ఓరియన్ నక్షత్రమండలం నడుం మీది మూడు చుక్కలకు కాస్త దిగువన బైనాక్యులర్స్ పెడితే మసక మచ్చ ఒకటి తగులుతుంది. చిన్న టెలిస్కోపుంటే దాని మధ్య ట్రెపీజియం అనే నాలుగు నక్షత్రాలు విడివిడిగా తెలుస్తాయి. చుట్టూ బూడిద రంగే, మహా అయితే కాస్త ఆకుపచ్చ ఛాయ.

కెమెరా సంగతి వేరు. 1880 సెప్టెంబర్ 30న న్యూయార్క్ దగ్గర హెన్రీ డ్రేపర్ అనే వైద్యుడు ఫొటో ప్లేటును దాదాపు 50 నిమిషాలు ఈ మచ్చ మీదే నిలిపి, నెబ్యులాకు తొలి ఫొటో తీశాడు. నాకు ఇంకా ఇష్టమైనవాడు ఆండ్రూ కామన్. వృత్తికి శానిటరీ ఇంజినీరు. 1883లో లండన్ పక్కన ఈలింగ్‌లో, తన ఇంటి తోటలో, 36 అంగుళాల అద్దంతో తీసిన ప్లేటు మీద ఏ కంటికీ చిక్కని నక్షత్రాలు పడ్డాయి. భూమి తిరుగుతుంటే అంత బరువైన టెలిస్కోపును చుక్క చెదరకుండా నడిపిన ఆ ఓపికకు దణ్ణం పెట్టాలి.

ఎరుపు హైడ్రోజన్‌ది. ట్రెపీజియంలోని పెద్ద నక్షత్రం చిమ్మే అతినీలలోహిత కాంతి పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొడుతుంది. అది మళ్లీ ప్రోటాన్‌ను చేరి, మూడో శక్తి మెట్టు నుంచి రెండోదానికి దిగేటప్పుడు 656 నానోమీటర్ల ఎర్రటి వెలుగు వస్తుంది. మసక వెలుతురులో మన కన్ను దాన్ని పట్టలేదు.

ఇంకో సంగతి. నక్షత్రాలు పుట్టేది ఈ వెలుగులో కాదు, వెనకున్న చీకటి మేఘంలో. అక్కడ సున్నాకు 250 డిగ్రీలకు పైగా దిగువన ఉండే చలి. చల్లబడిన వాయువుకు తనను తాను నిలబెట్టుకునే ఒత్తిడి చాలదు. సొంత బరువుకే కుంగుతుంది. నడిమి వేడి కోటి డిగ్రీలకు చేరితే హైడ్రోజన్ హీలియంగా మారడం మొదలవుతుంది. సూర్యుడంత నక్షత్రం ఆ స్థితిలో కుదురుకోవడానికి సుమారు 5 కోట్ల ఏళ్లు. ఈ కాన్పును దుమ్ము కప్పేస్తుంది. పరారుణ కెమెరాలు లోపలికి చూడగలవు.

అందుకే నెబ్యులాల విషయంలో నా ఓటు కెమెరాకే. ఫొటోలోని ఎరుపు అద్దింది కాదు. పైగా మామూలు కెమెరా సెన్సర్ ముందుండే ఫిల్టర్ ఆ ఎరుపులో చాలా భాగాన్ని ఆపేస్తుంది. పిల్లలు ఫొటో తెచ్చి చూపిస్తే రంగు వేశావా అని అడక్కండి. ఎంతసేపు ఎక్స్‌పోజర్ ఇచ్చావో అడగండి.